జారు పటాలం నుంచి పారిపోయిన తండ్రి, రాజు పటాలంలో చనిపోయిన కొడుకు

మొదటి ప్రపంచయుద్ధ కవిత్వం అనగానే మన కాలేజీల్లో ఇంగ్లీషు చదువుకున్న వారికి మొట్టమొదట గుర్తుకొచ్చేది రూపర్టు బ్రూక్. అందగాడు, కేంబ్రిడ్జి చదువు చదివినవాడు, దేశం కోసం చావటం ఎంత పవిత్రమో సానెట్లలో చెప్పినవాడు. గాలిపోలీ రేవు చేరకముందే, 1915 ఏప్రిల్‌లో, దోమకాటు విషమించి ఓడమీద చనిపోయాడు. చర్చిల్ అంతటివాడు టైమ్సు పత్రికలో అతనికి నివాళి రాశాడు. బ్రూక్ తర్వాత ఓవెన్ గుర్తుకొస్తాడు, ససూన్ గుర్తుకొస్తాడు. ఈ ఇద్దరూ యుద్ధాన్ని అసహ్యించుకున్నారు, అసహ్యాన్ని దాచుకోకుండా రాశారు. అంచేత వారిమీద మనకు గౌరవం వుంది. కాని ఒక సంగతి గమనించాలి. ఈ ముగ్గురూ ఆఫీసర్లే. ఆఫీసరు బూట్లు తుడవటానికి ఒక నౌకరు వుండేవాడు. కందకంలో అడుగున, మామూలు సోల్జరుగా, ముళ్లతీగ మోస్తూ కవిత్వం రాసినవాడి పేరు జాబితాలో చివరెక్కడో వుంటుంది. అతని పేరు ఐజాక్ రోజెన్‌బర్గ్.

అతని కవిత్వాన్ని పద్యం పద్యంగా వివరించటం ఈ వ్యాసం పని కాదు. ఆ పని చేసినవాళ్లు వున్నారు. 1975 ఒక్క సంవత్సరంలోనే అతని మీద మూడు జీవితచరిత్రలు వెలువడ్డాయి. నన్ను పట్టుకున్నది వేరొక విషయం. ఈ కవి తండ్రి సైన్యంలో చేరటం ఇష్టంలేక దేశం విడిచి పారిపోయి వచ్చినవాడు. కొడుకు, ఎవరూ బలవంతం చెయ్యకుండానే, సైన్యంలో చేరి చనిపోయాడు. రికార్డుల్లో అతను వాలంటీరు, అనగా స్వచ్ఛందంగా చేరినవాడు. ఆ "స్వచ్ఛందం" అన్న మాట లోపల ఏముందో తెలియాలంటే ఆ ఇంటి చరిత్ర తెలియాలి.

తండ్రి బార్నెట్ రష్యను సామ్రాజ్యంలోని లిథువేనియా ప్రాంతపు యూదుడు. మతగ్రంథాలు చదువుకున్నవాడు. జారు చక్రవర్తులు యూదులను ఎక్కడపడితే అక్కడ బతకనిచ్చేవారు కాదు. సామ్రాజ్యపు పడమటి జిల్లాలే వారికి హద్దు. భూమి కొనరాదు, చాలా ఉద్యోగాలకు పనికిరారు. కాని సైన్యానికి మాత్రం పనికొస్తారు! ఈ సైన్యం మాట యూదుల ఇళ్లలో ఎలాంటి భయం పుట్టించేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1827లో మొదటి నికొలాయ్ చక్రవర్తి యూదుల నుంచి కూడా సిపాయిలను పట్టాలని ఉత్తర్వు చేశాడు. కొలువు ఇరవై అయిదేళ్లు. పన్నెండేళ్ల కుర్రాళ్లను కూడా తీసుకుపోయి సైనిక పాఠశాలల్లో పడేసేవారు. ఆ యేళ్లు ఇరవై అయిదులో లెక్కకు కూడా రావు. అక్కడ వారికి బలవంతంగా క్రైస్తవ మతం ఇప్పించేవారు. ఈ పిల్లల్ని పట్టే పని యూదు సంఘాల పెద్దల మీదనే పెట్టారు. పెద్దలు ఎవరి పిల్లల్ని పట్టి ఇచ్చి వుంటారో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పేదవాడి పిల్లల్ని.

పిల్లల్ని పట్టే పద్ధతి 1856లో పోయింది. 1874 నుంచి అందరికీ ఒకే నిర్బంధ సైనికచట్టం వచ్చింది. కాని యూదుడు సైన్యంలో ఆఫీసరు కాలేడు. 1881లో రెండవ అలెగ్జాండరు హత్య తర్వాత యూదుల ఇళ్లమీద దాడులు. 1882లో వారిని పల్లెల్లో కొత్తగా నివాసం వుండనివ్వని శాసనాలు. ఆపైన 1886లో ఇంకొక చట్టం వచ్చింది: యూదు కుర్రవాడు సైన్యానికి హాజరు కాకపోతే ఆ కుటుంబం మీద మూడువందల రూబుళ్లు జరిమానా. ఏ హక్కులూ లేని దేశం కోసం ప్రాణమిచ్చే బాధ్యత మాత్రం సంపూర్ణంగా వుంది. బార్నెట్ ఆ దశకం చివర్లో దేశం దాటి ఇంగ్లండు చేరుకున్నాడు. మొదట లీడ్సు, ఆ తర్వాత బ్రిస్టలు. భార్య హాచా పెద్దపిల్లను తీసుకొని తర్వాత వచ్చి కలుసుకుంది. 1890 నవంబరు 25న బ్రిస్టలులో ఐజాక్ పుట్టాడు. కవల పిల్లల్లో ఒకడు; రెండోవాడు దక్కలేదు.

బార్నెట్ బతుకుతెరువు మూటవర్తకం. బట్టల మూట భుజాన వేసుకొని ఊరూరా ఇంటింటా తిరిగి అమ్మటం. నెలల తరబడి ఇంటి పట్టున వుండేవాడు కాదు. గ్రంథాలు చదివిన పండితుడు ఇంగ్లీషు పల్లెల్లో గడపగడపకూ తిరుగుతూ, సరిగా రాని భాషలో లేసులూ రిబ్బన్లూ బేరమాడటం అవమానంగానే వుండి వుంటుంది. ఇల్లు నడిపింది హాచా. బట్టలుతికింది, కుట్టుపని చేసింది, పూలు కుట్టింది. తర్వాత పుట్టినవారితో కలిపి ఆరుగురు పిల్లలు. 1897లో కుటుంబం లండను తూర్పు పేటకు, కేబుల్ వీధికి మారింది. పిల్లలు తమ వాళ్ల మధ్య, తమ మతంలో పెరగాలన్నది ఒక కారణం.

లండను తూర్పు పేట అంటే ఆ రోజుల్లో రేవు కూలీలు, దర్జీలు, చెప్పులు కుట్టేవారు. 1881కీ 1914కీ మధ్య రష్యను సామ్రాజ్యం నుంచి, దాని చుట్టుపట్ల దేశాల నుంచి సుమారు లక్షా యాభైవేలమంది యూదులు బ్రిటను చేరారని అంచనా. అందులో పెద్ద భాగం ఈ కొద్ది వీధుల్లోనే ఇరుక్కుంది. చీకటి గదుల్లో రోజుకు పద్నాలుగేసి గంటలు దర్జీపని. ఇంగ్లీషు కూలీలకు పని దొరక్కపోతే తప్పు యజమానులది కాదు, వలసవచ్చిన వారిదని చెప్పేవారు బయలుదేరారు. 1901లో ఆ పేరు మీద ఒక సంఘం పుట్టింది. 1905లో పార్లమెంటు పరదేశీయుల చట్టం చేసి పేద వలసదారులకు తలుపు సగం మూసింది. ఆ చట్టం ఓడలో మూడో తరగతి ప్రయాణం చేసేవారికే వర్తించేది. డబ్బున్న పరదేశి మీద దానికి అనుమానం లేదు.

ఆ వీధుల్లో ఇంకొక చరిత్ర కూడా నడిచింది. జర్మనీ నుంచి వచ్చిన రుడాల్ఫ్ రాకర్ అనే అతను, యూదుడు కాకపోయినా ఇడ్డిషు భాష నేర్చుకొని, ఆ దర్జీలకు పత్రిక నడిపి, 1912లో వేలాదిమందితో జరిగిన దర్జీల సమ్మెకు నాయకుడయ్యాడు. సమ్మె గెలిచింది. రోజెన్‌బర్గ్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు నిండబోతున్నాయి. అతను ఆ సమ్మెలో ఉపన్యాసాలిచ్చాడని, కరపత్రాలు పంచాడని రాయాలని నాకూ వుంది. కాని అలాంటిదేమీ జరగలేదు. అతను సోషలిస్టు కాదు. అప్పుడతని ధ్యాసంతా రంగుల మీదా కీట్సు మీదా వుంది. మంచి కవి కనిపించగానే మన జెండా తెచ్చి కప్పటం మనవాళ్లలో ఒక జబ్బు; దానివల్ల కవికీ లాభం లేదు, జెండాకూ లాభం లేదు.

బడిలో అతను బొమ్మలు గీసేవాడు. మేష్టర్లు గమనించి, వారానికింతసేపని ఒక చిత్రకళా పాఠశాలకు పోనిచ్చారు. కాని పద్నాలుగో ఏట బడి ముగిసింది. 1905 జనవరిలో ఫ్లీటు వీధిలో, అచ్చుకు బ్లాకులు తయారుచేసే కార్ల్ హెంట్షెల్ కంపెనీలో అప్రెంటిసుగా పెట్టారు. బొమ్మలంటే ఇష్టం కదా, బ్లాకుల పని దగ్గరి పనే కదా అనుకొని వుంటారు తల్లిదండ్రులు. నిజానికి అక్కడ జరిగేది ఎవరో గీసిన బొమ్మను ఆసిడ్లలో ముంచి లోహం మీదికి ఎక్కించటం. తనని రక్తం పిండే యంత్రానికి గొలుసులతో కట్టేసినట్టుందని, చేతులు చురుగ్గా వున్న వయస్సంతా ఇలా అయిపోతోందని అతను ఒక స్నేహితురాలికి ఉత్తరం రాశాడు. ఆమె విన్‌ఫ్రెడా సీటన్ అనే పంతులమ్మ. డన్ కవిత్వం చదవమని చెప్పింది ఆమే. పగలు బ్లాకులు, సాయంత్రం బర్క్‌బెక్ కాలేజీలో చిత్రకళ తరగతి. వైట్‌చాపెల్ లైబ్రరీ పెద్ద ఆధారం. అక్కడే జోసెఫ్ లెఫ్ట్‌విచ్, జాన్ రాడ్కర్, స్టీఫెన్ విన్‌స్టెన్ అనే తనలాంటి కుర్రాళ్లతో స్నేహం కుదిరింది. అందరూ వలసవచ్చిన వారి పిల్లలే. జేబులో డబ్బులుండవు. రాత్రిళ్లు వీధుల్లో నడుస్తూ పద్యాలు చదువుకునేవారు.

1911లో ఆ బ్లాకుల పని వదిలింది. నేషనల్ గాలరీలో వెలాస్కెజ్ బొమ్మకు నకలు గీస్తూ వుంటే లిలీ డెలిస్సా జోసెఫ్ అనే చిత్రకారిణి చూసింది. ఆమె, మరి ఇద్దరు సంపన్న యూదు స్త్రీలు కలిసి అతనికి స్లేడు కళాశాలలో జీతం కట్టారు. ఈ ఉపకారం లేకపోతే అతను స్లేడు గడప తొక్కేవాడు కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. ఐతే ఉపకారానికి షరతులుంటాయి. బొమ్మ తమకు నచ్చేటట్టు వుండాలి, పొదుపుగా వుండాలి, కృతజ్ఞత కనబడుతూ వుండాలి. ఒక దాతతో అతనికి మాటా మాటా వచ్చింది కూడా. స్లేడులో అతని తోటివారు తర్వాత ఇంగ్లీషు చిత్రకళలో పెద్ద పేర్లయ్యారు: గెర్ట్లర్, బోంబర్గ్, స్టాన్లీ స్పెన్సర్, పాల్ నాష్. మొదటి ఇద్దరూ అతనిలాగే తూర్పు పేట యూదు కుర్రాళ్లు. 1912లో తన పద్యాలు ఒక చిన్న పుస్తకంగా, యాభై ప్రతులో ఎన్నో, అచ్చు వేయించుకున్నాడు.

1914 వేసవిలో, ఊపిరితిత్తుల జబ్బు భయంతో, దక్షిణాఫ్రికాలో కాపురమున్న అక్క మిన్నీ దగ్గరికి వెళ్లాడు. యుద్ధవార్త అతనికి కేప్‌టౌనులో తెలిసింది. అప్పుడు రాసిన పద్యాన్ని బ్రూక్ సానెట్ల పక్కన పెట్టి చదవాలి. బ్రూక్ యుద్ధాన్ని, నిద్రపోతున్న యువతరాన్ని మేల్కొలిపిన పిలుపుగా చూశాడు. అదే యేడు, ఆరువేల మైళ్ల దూరంలో, ఈ మూటవర్తకుడి కొడుకు దాన్ని ఒక పాత శాపం మళ్లీ కదిలినట్టుగా, ఎండాకాలంలో కురిసిన మంచుగా చూశాడు. ఐరోపాలోని పెద్ద పెద్ద సోషలిస్టు పార్టీలు కూడా పార్లమెంట్లలో యుద్ధనిధులకు చేతులెత్తిన రోజులవి. రాజకీయమేమీ చదవని ఇతనికి ఆ మంచు ఎలా కనిపించింది? ఇంట్లో విన్న కథల వల్లనే కావాలని నా వూహ.

1915లో తిరిగి వచ్చాడు. బొమ్మలు అమ్ముడుపోవు, ఉద్యోగం దొరకదు. ఇరవై నాలుగేళ్లవాడు తల్లి చేతికూడు తింటున్నాడు. ఆ రోజుల్లో సిడ్నీ షిఫ్ అనే రచయితకు రాసిన ఉత్తరాల్లో అతని మనస్సు స్పష్టంగా కనిపిస్తుంది. సైన్యంలో ఎక్కువమంది చేరితే యుద్ధం ఎక్కువవుతుందని, దేశభక్తి నమ్మకం లేకుండా చేరటం నీతి కాదని తనే రాశాడు. ఇంట్లోవాళ్లు టాల్‌స్టాయ్ మార్గం వాళ్లనీ, తను ఖాకీ తొడగటం వారికి ఇష్టం లేదనీ కూడా రాశాడు. ఇంత తెలిసినవాడు 1915 అక్టోబరు చివర, ఇంట్లో చెప్పకుండా వెళ్లి చేరిపోయాడు. ఎందుకు? సిపాయిగా చేరితే వాడిమీద ఆధారపడ్డ తల్లికి సర్కారు భత్యం ఇస్తుంది. అందుకు. తాను దేశభక్తి కోసం చేరలేదని, యుద్ధాన్ని ఏదీ సమర్థించలేదని ఎడ్వర్డు మార్ష్‌కు ఉత్తరంలో రాశాడు. మార్ష్ ఎవరనుకున్నారు? చర్చిల్‌కు ప్రైవేటు సెక్రటరీ. రూపర్టు బ్రూక్ ఆప్తమిత్రుడు. ఆ మాట రాయటానికి అంతకన్నా తప్పు చిరునామా వుండదు. కాని రోజెన్‌బర్గ్‌కు అబద్ధం చేతకాదు.

నిర్బంధ సైనికచట్టం ఇంగ్లండులో 1916 జనవరిలో వచ్చింది. అంటే ఇతను చేరినప్పుడు చట్టం మెడపట్టి గెంటలేదు. చట్టం లేని చోట ఆ పని ఆకలి చేసింది. జారు ప్రభుత్వం తండ్రిని జరిమానాతో, జైలుతో బెదిరించి పిలిచింది, ఆయన పారిపోయాడు. బ్రిటిషు ప్రభుత్వం కొడుకును బెదిరించలేదు. తల్లికి వారం వారం కొన్ని షిల్లింగులిస్తానని మర్యాదగా చెప్పింది. బెదిరింపు నుంచి పారిపోవచ్చు. దీని నుంచి ఎక్కడికి పోవాలి? స్వచ్ఛందంగా చేరిన సైనికుల లెక్కలు చూసి దేశభక్తిని తూచే చరిత్రకారులు వున్నారు. ఆ లెక్కలో ఇతనూ ఒక అంకె.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. అతని లైబ్రరీ స్నేహితులు రాడ్కర్, విన్‌స్టెన్ కూడా పేదలే. వాళ్లు నిర్బంధ చట్టాన్ని ధిక్కరించారు, యుద్ధంలో పాల్గొనమని చెప్పి జైలుకు వెళ్లారు. ఇతనెందుకు వెళ్లలేదు? వారిది ఎక్కువ ధైర్యమని నేను అంటాను. కాని ఇతన్ని నిలబెట్టి తీర్పు చెప్పటానికి నాకు మనసొప్పదు. జైలుకు వెళ్లినవాడి తల్లికి భత్యం లేదు.

సైన్యమైనా అతన్ని సులభంగా తీసుకోలేదు. మనుషుల్ని చంపనక్కర్లేని వైద్యదళంలో చేరబోతే పొట్టివాడని తిప్పి పంపారు. మామూలు దళాలకు అయిదడుగుల మూడంగుళాల ఎత్తు కావాలి. అంతకంటే పొట్టివారికోసం, జనం చాలక, బాంటం దళాలు పెట్టారు. బాంటం అంటే ఒక జాతి పొట్టి కోడిపుంజు. ఆ పేరులోనే వెక్కిరింత వుంది. గనుల్లో, మురికిపేటల్లో తిండిలేక ఎదగనివారిని, ఆ ఎదగకపోవటానికి కారణమైన రాజ్యమే, ఎత్తు నిబంధన తగ్గించి చేర్చుకుంది. రోజెన్‌బర్గ్ సఫోకు పన్నెండో పటాలంలో చేరాడు, తర్వాత కింగ్స్ ఓన్ పదకొండో పటాలానికి మార్చారు. బూట్లు సరిపడక మడమలు వొరుసుకుపోయేవి. యూదుడు కావటం వల్ల ఆ మనుషుల మధ్య బతుకు మరింత కష్టంగా వుందని రాశాడు. మతిమరుపు మనిషి, విషవాయువు ముసుగు మరిచిపోయి వస్తే శిక్షగా మూట మోసి డ్రిల్లు. లాన్సు కార్పొరల్ చేస్తామంటే వద్దన్నాడు. సైన్యంలో మామూలు సోల్జరుకు తప్ప బానిసత్వమంటే ఏమిటో ఇంకెవరికీ తెలియదని ఇంకొక కవికి రాశాడు. ఆ నెలల్లోనే అతను పూర్తిచేసిన నాటకం మోషే కథ. ఈజిప్టులో బానిసల మీద కొరడా ఝళిపించే అధికారిపై తిరగబడ్డ మోషే. ఆ పుస్తకాన్ని 1916లో ఫ్రాన్సుకు వెళ్లబోయే ముందు సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. మార్ష్ తాను ప్రచురించే ప్రసిద్ధ సంకలనంలోకి ఆ నాటకం నుంచి ఒక్క సంభాషణ మాత్రం తీసుకున్నాడు. ఇతని కవిత్వం అర్థం కాదని ఆయన ఫిర్యాదు.

1916 జూన్‌లో ఫ్రాన్సు చేరాడు. అక్కడ రాసిన పద్యాలలో ఒకటి ఆ యేడు డిసెంబరులో షికాగో నుంచి వెలువడే పత్రికలో అచ్చయింది. తెల్లవారుజామున కందకపు అంచున సిపాయి ఒక ఎర్ర పాపీ పువ్వు కోసి చెవిలో పెట్టుకుంటాడు. చేతిమీంచి ఒక ఎలుక గెంతిపోతుంది. ఇంతసేపూ ఇంగ్లీషువాడి చేతిని తాకిన ఎలుక, ఇంకాసేపటికి అవతలి కందకంలో జర్మను చేతిని తాకుతుంది. దానికి సరిహద్దు లేదు. ఈ దేశానికీ కట్టుబడరు, ఆ దేశానికీ కట్టుబడరు అని యూదుల మీద ఐరోపా వేసిన పాత నింద ఒకటి వుంది. కవి ఆ నిందను ఎలుక నెత్తిన పెట్టి, నవ్వుతూ, ఆ ఇద్దరు సిపాయిల కంటే ఎలుకకే బుద్ధి ఎక్కువన్నట్టు చూపించాడు. కోపం లేదు, గుండెలు బాదుకోవటం లేదు. ఓవెన్‌లో మనకు జాలి కనిపిస్తుంది. జాలి పడటానికి కొంచెం ఎత్తున నిలబడాలి. ఇతను నిలబడింది ఎలుక ఎత్తున.

1917లో అతన్ని ఇంజనీరు దళానికి అప్పగించారు. రాత్రిళ్లు బండ్లమీద ముళ్లతీగ చుట్టలు తోలుకుపోవాలి. దారిలో శవాలు. బండి చక్రం వాటిమీదుగా పోతుంది, ఎముక విరిగిన శబ్దం వినిపిస్తుంది. ఆ అనుభవం అతని అతి పెద్ద పద్యమయింది. అందులో మన శవాలూ శత్రువుల శవాలూ కలిసే పడివుంటాయి. భూమి అందరినీ ఒకటిగానే తీసుకుంటుంది.

ఈ పద్యాలు మనదాకా ఎలా వచ్చాయి? కందకంలో అంగుళమెత్తు కొవ్వొత్తి వెలుగులో చిత్తుకాగితాల మీద రాసి ఇంటికి పంపేవాడు. సిపాయి ఉత్తరాలన్నీ ఆఫీసరు చదివి సంతకం చెయ్యాలి. ఇలాంటి చెత్త చదవటానికి సెన్సారుకు తీరిక లేదు, పద్యాలు పంపవద్దు అని ఒక దశలో అతనికి ఆజ్ఞ వచ్చింది. అయినా ఎలాగో పంపాడు. లండనులో చెల్లెలు ఆనీ ఆ కాగితాలు విప్పి, అర్థం కాని అక్షరాలు కూడబలుక్కొని, టైపు చేసి, అతను చెప్పిన వారికి పంపేది. అసలు ప్రతులు దాచేది. అతను పోయిన తర్వాత కూడా ఆమె ఆ కాగితాలను వదిలిపెట్టలేదు. 1922లో గోర్డన్ బాటమ్లీ సంపాదకత్వంలో, లారెన్సు బిన్యన్ పీఠికతో మొదటి సంపుటం వచ్చింది. 1937లో సమగ్ర రచనలు వచ్చాయి. సంపాదకుల పేర్లు అట్టమీద వున్నాయి, వుండవలసిందే. ఆనీ లేకపోతే ఆ అట్టలోపల ఏమీ వుండేది కాదు. మన సాహిత్యచరిత్రల్లో కూడా ఇలాంటి చెల్లెళ్లూ భార్యలూ ఎంతమంది వున్నారో ఎవరైనా విద్యార్థి లెక్క తీస్తే బాగుండును.

1937 సంపుటానికి ముందుమాట రాసింది సీగ్‌ఫ్రీడ్ ససూన్. ఈయన తండ్రి వంశం కూడా యూదులే. కాని ఎలాంటి యూదులు? ముత్తాత డేవిడ్ ససూన్ బాగ్దాదు నుంచి బొంబాయి వచ్చి స్థిరపడి, నల్లమందు, పత్తి వ్యాపారంలో కోట్లు గడించినవాడు. బొంబాయిలో ససూన్ డాకు, ససూన్ లైబ్రరీ ఆ కుటుంబం పేరు మీదవే. మన దేశపు చెమట, చైనావాళ్ల మత్తు, రెండూ కలిసిన సొమ్ము. సీగ్‌ఫ్రీడ్ తండ్రి మతాంతర వివాహం చేసుకొని ఇంటికి దూరమయ్యాడు. కొడుకు ఇంగ్లీషు పెద్దమనిషిగా, గుర్రమెక్కి నక్కల వేటాడుతూ పెరిగాడు. 1917 జూలైలో యుద్ధాన్ని కావాలని పొడిగిస్తున్నారని బహిరంగ ప్రకటన చేశాడు. అది పార్లమెంటులో చదివారు. సాహసమే, సందేహం లేదు. ప్రభుత్వం ఏం చేసింది? నరాల జబ్బని చెప్పి ఎడింబరో దగ్గర ఆసుపత్రికి పంపింది. అదే యుద్ధంలో పారిపోయారని, పిరికితనం చూపారని, ఇలాంటి నేరాల మీద మూడువందల పైచిలుకు మంది బ్రిటిషు, వలసరాజ్యాల సిపాయిలను కట్టేసి కాల్చారు. 2006లో గాని వారికి క్షమాపణ రాలేదు. రోజెన్‌బర్గ్ అలాంటి ప్రకటన చేసివుంటే అతన్ని ఏ ఆసుపత్రికి పంపేవారు? ఒకే యుద్ధం, ఒకే భాషలో కవిత్వం. ఇద్దరి మధ్య వున్న తేడాకు పేరు వర్గం. ససూన్ ఈ సంగతి తెలిసినవాడేనని, అందుకే ఆ ముందుమాటలో అంత వినయమని నాకనిపిస్తుంది.

ఆ 1917లోనే తూర్పు పేటలో ఇంకొక కథ జరుగుతోంది. తండ్రి బార్నెట్ లాగా రష్యా నుంచి పారిపోయి వచ్చి, పౌరసత్వం లేకుండా వున్నవారు వేలకొద్దీ వున్నారు. వీరి పిల్లలు సైన్యంలో చేరటం లేదని పత్రికలు గోలపెట్టాయి. జూన్‌లో లీడ్సులో, సెప్టెంబరులో లండను బెత్నల్ గ్రీనులో యూదుల దుకాణాల మీద, ఇళ్లమీద దాడులు జరిగాయి. జూలైలో బ్రిటను, రష్యా తాత్కాలిక ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాయి: ఈ మగవాళ్లు బ్రిటిషు సైన్యంలోనైనా చేరాలి, లేదా రష్యా వెళ్లి అక్కడి సైన్యంలోనైనా చేరాలి. ఏ పటాలం నుంచి పారిపోయి వచ్చారో ఆ పటాలమే మళ్లీ వెతుక్కుంటూ వచ్చింది. కొన్నివేలమంది రష్యా ఓడ ఎక్కారు. రోజెన్‌బర్గ్ ఆ సెప్టెంబరులో కొద్దిరోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. కొడుకు ఖాకీలో వుండగా, ఆ ఖాకీ తొడుక్కోలేదని తమవాళ్ల దుకాణాల అద్దాలు పగలగొడుతున్న ఊరు అది. ఇంట్లో ఆ రోజుల్లో ఏ మాటలు జరిగాయో మనం వూహించుకోవలసిందే.

1918 మొదట్లో అతని పటాలాన్ని రద్దుచేసి, అదే రెజిమెంటు మొదటి పటాలంలో కలిపారు. అప్పటికి యూదుల కోసం ప్రత్యేకంగా దళాలు పెట్టారు. వాటిలోకి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. మార్చి 21న జర్మన్లు పెద్ద దాడి మొదలుపెట్టారు. 28న ఆరాసు దగ్గర విరుచుకుపడ్డారు. ఆ 28వ తేదీనే అతను మార్ష్‌కు ఉత్తరం రాసి, ఒక చిన్న పద్యం జతచేశాడు. చల్లటి రోజుల్లో మూడువేల ఏళ్ల వెనకనుంచి చూస్తున్న కళ్ల గురించి, పాత ఊళ్లకోసం తడుముకునే జనం గురించి. అది జియోనిజం అని కొందరు, కాదు ఇల్లు మీద బెంగ అని కొందరు వాదించుకున్నారు. ఇళ్లు మారుతూ పెరిగి, చివరికి బురదగుంటలో పడుకుంటున్న మనిషి ఊరు కావాలనుకున్నాడు. దానిమీద ఇంత సిద్ధాంతం అక్కర్లేదు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున, ఆరాసుకు తూర్పున ఫాంపూ ఊరి సమీపంలో అతను చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు. మార్ష్‌కు రాసిన ఉత్తరం మీద పోస్టు ముద్ర ఏప్రిల్ 2.

ఆ ఇంటి కథ అక్కడితో ఆగలేదు. 1936 అక్టోబరు 4న మోస్లీ తన నల్లచొక్కాల ఫాసిస్టులను యూదుల పేటల మీదుగా నడిపించాలని బయలుదేరాడు. పోలీసులు వారికి దారి చెయ్యబోయారు. యూదు దర్జీలు, ఐరిషు రేవు కూలీలు, కమ్యూనిస్టులు కలిసి బండ్లూ బల్లలూ అడ్డం వేసి ఆపారు. ఆపిన వీధి కేబుల్ వీధి. ఏడేళ్ల ఐజాక్‌ను తీసుకొని ఆ కుటుంబం లండనులో మొదట దిగిన వీధి. ఇక బార్నెట్ వదిలివచ్చిన లిథువేనియాలో, 1941 నుంచి 1944 లోపల, నూటికి తొంభైమందికి పైగా యూదులను నాజీలు, వారి స్థానిక తొత్తులు చంపేశారు. జారు పటాలానికి భయపడి పారిపోయినవాడు, తన మిగతా పిల్లల్ని ఎంత పెద్ద చావు నుంచి తప్పించాడో ఆనాడు ఆయనకే తెలియదు.

రోజెన్‌బర్గ్ శవాన్ని మిగతావారితో కలిపి ఒకే గోతిలో పూడ్చారు. 1926లో ఆ గోతిని తవ్వినప్పుడు పటాలం గుర్తుపట్టగలిగారు గాని, ఎవరు ఎవరో పూర్తిగా చెప్పలేకపోయారు. అంచేత ఆరాసు దగ్గర బైయల్ రోడ్డు తూర్పు శ్మశానంలో అతని పేరుతో వున్న రాయి మీద, ఈ స్థలానికి దగ్గరలో పూడ్చబడ్డాడు అనే అర్థం వచ్చే మాట వుంది. ఆ రోజుల్లో సమాధిరాళ్ల మీద కుటుంబం తరఫున ఏమైనా చెక్కించుకోవాలంటే అక్షరానికి మూడున్నర పెన్నీల చొప్పున అడిగేవారు. అతని రాయి మీద దావీదు నక్షత్రం కింద, చిత్రకారుడు, కవి అని రెండు మాటలు చెక్కివున్నాయి.